కోత పండుగ ప్రసంగం: దిగువ కృష్ణా డెల్టా సంఘాల్లో పంటకు కృతజ్ఞత

నిర్వచనం

పంట ఇంటికి చేరిన కాలంలో అది దేవుని దీవెన అని ఒప్పుకుంటూ, కొత్త గింజల్లో కొంత ఆరాధన స్థలానికి తెచ్చి అర్పించే క్రైస్తవ ఆచారమే కోత పండుగ. దీనిని పంట పండుగ, కోతకాల పండుగ, కృతజ్ఞతార్పణ పండుగ అని కూడా అంటారు. ఆ ఆరాధనలో బోధకుడు చేసే వాక్యోపదేశం కోత పండుగ ప్రసంగం. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో ఈ ప్రసంగానికి రెండు విషయాలు ప్రత్యేకమైన స్వభావాన్ని ఇచ్చాయి. సంఘాల్లో ఎక్కువమంది తరతరాలుగా సొంత భూమి లేకుండా ఇతరుల చేలలో కోత కోసినవారు కావడం మొదటిది. పంట చేతికొచ్చే నెలల్లోనే సముద్రం నుంచి తుపాను వచ్చే ప్రాంతం కావడం రెండోది.

కాలం (చూ. సార్వా, అపరాలు)

డెల్టాలో సార్వా, అంటే వానకాలపు వరి, జూలై, ఆగస్టు నెలల్లో నాట్లు పడి నవంబరు, డిసెంబరుల్లో కోతకు వస్తుంది. వరికోత యంత్రాలు రాకముందు కోసిన పనలను చేలోనే ఆరబెట్టి, కట్టలు కట్టి, కుప్పలు వేసేవారు. తీరిక చూసుకుని జనవరి, ఫిబ్రవరిల్లో నూర్చేవారు. అందుకే కోత పండుగకు సంక్రాంతి మాదిరిగా నిర్ణీతమైన తేదీ లేదు. ఊరిలో నూర్పిళ్లు ఎప్పుడు ముగిశాయో, పాస్టరుగారికి ఏ ఆదివారం వీలవుతుందో చూసి సంఘ పెద్దలు రోజు నిర్ణయిస్తారు. ఒకే పాస్టరేటు కింద ఉన్న ఊళ్లలో కూడా పండుగ వేర్వేరు ఆదివారాల్లో జరగడం మామూలే.

వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో తడి ఉండగానే, నిలిచి ఉన్న చేలో మినుములు, పెసలు చల్లడం ఈ డెల్టా రైతుల పద్ధతి. కోత ముగిసేసరికి మోళ్ల మధ్య మినుము మొలక కనిపిస్తుంది. పాత పంట కోయకముందే కొత్త పంట విత్తే ఈ అలవాటు బోధకులకు దగ్గరి ఉదాహరణ. విత్తేవానికి విత్తనాన్నీ తినడానికి ఆహారాన్నీ ఇచ్చేది దేవుడే అని పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 9వ అధ్యాయంలో చెప్పిన మాటను ఇక్కడి శ్రోతకు విడమరచి చెప్పనక్కర్లేదు.

వాక్యాధారాలు

కోత పండుగకు మూలం పాత నిబంధనలోని ఇశ్రాయేలీయుల పండుగలు. నిర్గమకాండము 23వ అధ్యాయం కోత పండుగను, సంవత్సరాంతంలో వచ్చే పంట కూర్పు పండుగను పేర్కొంటుంది. లేవీయకాండము 23వ అధ్యాయం మొదటి పనను యాజకుని దగ్గరకు తెచ్చి అల్లాడించమంటుంది. అక్కడినుంచి ఏడు వారాలు లెక్కపెట్టి జరిపేదే వారముల పండుగ. క్రైస్తవులు పెంతెకొస్తుగా పాటించేది ఆ దినాన్నే.

ప్రసంగాలకు ఎక్కువగా తీసుకునే భాగాల్లో ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం ముఖ్యమైనది. అందులో రైతు ప్రథమ ఫలాలను గంపలో పెట్టుకుని వచ్చి, ముందుగా తన కుటుంబ చరిత్ర చెబుతాడు. పూర్వికుడు దేశదిమ్మరి. అతని సంతానం ఐగుప్తులో దాస్యం చేసింది, బాధపడి మొరపెట్టింది. ఆ మొర విని దేవుడు విడిపించి భూమి ఇచ్చాడు. ఆ తరువాత ఆ ఫలాలను దేవుని ముందు పెడతాడు. పాలేరుతనం చేసిన కుటుంబాల సంఘంలో ఈ అధ్యాయం చదివినప్పుడు శ్రోతలకు గంప కంటే దాస్యమే ముందుగా తగులుతుంది. ఆ అధ్యాయం అంతటితో ఆగదు. లేవీయునికి, పరదేశికి, తండ్రిలేని పిల్లలకు, విధవరాలికి పంటలో భాగం పెట్టమంటుంది.

65, 67, 126వ కీర్తనలు, గాదెలు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్న ధనవంతుని ఉపమానం (లూకా 12), గోధుమలు గురుగుల ఉపమానం (మత్తయి 13), నేలలో పడి చచ్చి ఫలించే గింజ (యోహాను 12) కూడా తరచుగా వినిపిస్తాయి. మలాకీ 3వ అధ్యాయం దశమ భాగం గురించిన ప్రసంగానికి ఆధారం. లుస్త్ర పట్టణంలో పౌలు, బర్నబా చేసిన ప్రసంగం (అపొస్తలుల కార్యములు 14) కొంత అరుదుగా వినిపిస్తుంది. వానలు, ఫలవంతమైన రుతువులు అన్ని జనాలకూ దేవుడిచ్చిన సాక్ష్యమని అందులో ఉంది. ఇరుగుపొరుగున హిందూ రైతులు సంక్రాంతికి కొత్త బియ్యంతో పొంగలి పెట్టే ఊళ్లలో ఈ భాగానికి ఇంకా ఎక్కువ చోటు దక్కవలసింది.

చరిత్ర

ఇంగ్లండులో చర్చి మిషనరీ సొసైటీ పంపిన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. నోబుల్ 1843లో పాఠశాల తెరిచాడు. నేటి నోబుల్ కళాశాల దాని నుంచి పెరిగిందే. ఇంగ్లండు ఊళ్ల చర్చిలలో ఆధునిక కోత పండుగ మొదలైనదిగా చెప్పుకునేది కూడా 1843లోనే. ఆ ఏడాది కార్న్‌వాల్‌లోని మోర్వెన్‌స్టో అనే ఊరి పాదిరి రాబర్ట్ స్టీఫెన్ హాకర్ తన సంఘాన్ని పంటకు కృతజ్ఞత చెప్పడానికి పిలిచాడు. ఆ ఆచారం ఆంగ్లికన్ సంఘాల ద్వారా తరువాతి కాలంలో తెలుగు నేలకు వచ్చింది. ఇంగ్లండులో అది సెప్టెంబరు, అక్టోబరుల్లో గోధుమ కోతకు జరిగేది. ఇక్కడ వరికి తగినట్టు నెలలు మారాయి.

నోబుల్ పని ఎక్కువగా పట్టణంలోని పై కులాల విద్యార్థుల మధ్య సాగింది. కోత పండుగ జరుపుకోవడానికి మాత్రం పొలంతో బతికే సంఘం కావాలి. 1859లో బెజవాడ (నేటి విజయవాడ) ప్రాంతంలోని రాఘవాపురంలో పాగోలు వెంకయ్య క్రైస్తవుడైన తరువాత మాల కుటుంబాలు, ఆ తరువాత మాదిగ కుటుంబాలు ఊళ్లకు ఊళ్లుగా క్రైస్తవ మతంలోకి వచ్చాయి. కృష్ణా మండలంలో గ్రామ సంఘాలు ఏర్పడింది ఆ క్రమంలోనే. దివిసీమ వైపు అవనిగడ్డ, ఎగువన వుయ్యూరు కేంద్రాలుగా కెనడియన్ బాప్తిస్టు మిషన్ పనిచేసింది. కథోలిక సంఘానికి బెజవాడ మేత్రాసనం 1937లో ఏర్పడింది.

కోత పండుగను సంఘ జీవితంలో కేంద్రస్థానానికి తెచ్చిన ఘనత దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యకు చెందుతుంది. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన ఆయన 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1920ల ఆరంభంలో కృష్ణా ప్రాంత సంఘాలు కూడా దోర్నకల్ అధ్యక్ష మండలంలో చేరాయి. విదేశీ డబ్బుతో నడిచే సంఘం తన కాళ్ల మీద నిలబడదనేది ఆయన గట్టి నమ్మకం. పేదలైనా ఇవ్వగలరు, ఇవ్వాలి అని బోధించారు. క్రైస్తవ దాతృత్వంపై ఒక పుస్తకమే రాశారు. వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు వేరుగా తీసి పెట్టడం, కోతల తరువాత ధాన్యం, కోళ్లు, కూరగాయలు ఊరేగింపుగా తెచ్చి అర్పించడం ఆ బోధతో బలపడ్డాయి. కూలిగా వచ్చిన గింజల నుంచి తీసిన పిడికెడు అది. ఆయన 1945 జనవరి 1న మరణించారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఈ ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు అందులో భాగమయ్యాయి. ఇప్పుడు అవి కృష్ణా–గోదావరి అధ్యక్ష మండలం కింద ఉన్నాయి.

జరిగే తీరు (చూ. వేలం పాట)

పండుగ ముందు రోజు యువకులు మందిరాన్ని అలంకరిస్తారు. ద్వారానికి అటూ ఇటూ చెరకు గడలు, అరటి బోదెలు కడతారు. బల్ల ముందు వరి పనలు నిలబెడతారు. కంకుల కుచ్చులు కిటికీలకు, దూలాలకు వేలాడతాయి. ఉదయం కుటుంబాలు తెచ్చినవి ఒక్కొక్కటిగా ముందుకు చేరతాయి. ధాన్యం బస్తాలు, మినుములు, గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు, గుడ్లు, తినుబండారాలు అందులో ఉంటాయి. పొలం లేనివారు కవరులో డబ్బు వేస్తారు. కథోలిక విచారణల్లో (స్థానిక సంఘాల్లో) ఇవి దివ్యబలి పూజలో కానుకల ఊరేగింపుగా పీఠం దగ్గరకు వస్తాయి. మిగతా సంఘాల్లో పాటల మధ్య అర్పణ జరిగి, పాస్టరుగారు వాటి మీద ప్రార్థన చేస్తారు. ఆ తరువాత ప్రసంగం.

ఆరాధన ముగిశాక ఆవరణలో వేలం పాట మొదలవుతుంది. గొంతున్న పెద్దమనిషి ఒకరు గుమ్మడికాయను రెండు చేతులా పైకెత్తి పాట మొదలుపెడతాడు. బజారులో దానికి పలికే ధరను మొదటి రెండు మూడు కేకలే దాటిపోతాయి. పాట ఎవరి పేరున కొట్టేశారో ఆయన డబ్బు కట్టి, కాయను మళ్లీ సంఘానికే ఇచ్చేయడం తరచూ జరుగుతుంది. అది మళ్లీ పాటకు వస్తుంది. ఒకే కాయ మీద మూడు నాలుగు కుటుంబాలు ఇచ్చినట్టవుతుంది. ఈ సొమ్ము పాస్టరు జీతానికి, మందిర మరమ్మతుకు, అధ్యక్ష మండలానికి కట్టవలసిన వాటాకు వెళుతుంది. చిన్న సంఘాల్లో ఏడాది ఖర్చులో చెప్పుకోదగ్గ భాగం ఈ ఒక్క రోజునే సమకూరుతుంది. పాటలో పోటీ డబ్బున్నవారి పేరు ప్రతిష్ఠల వ్యవహారంగా మారుతోందన్న విమర్శ ఉంది. పేద విధవరాలి రెండు కాసుల కథను బోధకులు ఆ రోజు ఎంచుకోవడానికి ఇదొక కారణం.

భూమి లేనివారి కృతజ్ఞత (చూ. పరిగె, కౌలు)

ఇంగ్లండు పల్లెలో కోత పండుగ చేసుకున్న సంఘంలో రైతు, కూలి ఒకే మందిరంలో కూర్చునేవారు. డెల్టా గ్రామ సంఘంలో చాలాకాలం కూలి మాత్రమే కూర్చున్నాడు. గాదె ఊళ్లో ఉండేది, మందిరం ఊరి బయట దళితులుండే పేటలో ఉండేది. చల్లపల్లి వంటి జమీందారీల కాలంలోనూ, 1948 చట్టంతో అవి రద్దయిన తరువాతా, పేటకు దక్కిన భూమి తక్కువే. అలాంటి చోట సమృద్ధియైన పంట కోసం స్తోత్రం చెప్పమంటే ఎవరి పంటకు అన్న ప్రశ్న పుట్టక మానదు.

ఈ ప్రశ్నకు సంఘాలకు దొరికిన జవాబుల్లో రూతు కథ బలమైనది. కోత ముగిసి పనలు లేచిన చేలో రాలిన కంకులు, అంటే పరిగె, ఏరుకోవడానికి ఆడవాళ్లు, పిల్లలు వెళ్లడం ఒకప్పుడు డెల్టా అంతటా ఉన్న అలవాటు. మోళ్లు కాళ్లకు గుచ్చుకుంటుండగా, నడుం వంచి ఒక్కో కంకి ఏరి ఒడిలో వేసుకుని, సాయంత్రం దులిపి చెరిగితే నాలుగు శేర్లు రావడమే గొప్పగా ఉండేది. మోయాబు నుంచి వచ్చిన రూతు బోయజు పొలంలో చేసింది ఆ పనే. లేవీయకాండము 19, 23 అధ్యాయాలు చేను అంచుల వరకూ కోయవద్దని, పరిగె పేదలకు, పరదేశులకు విడిచిపెట్టమని భూస్వామిని ఆజ్ఞాపిస్తాయి. కాబట్టి పరిగె రైతు దయతో ఇచ్చిన భిక్ష కాదు, దేవుడు నిర్ణయించిన హక్కు. ఈ మాట స్పష్టంగా చెప్పిన ప్రసంగమే భూమి లేని సంఘానికి నిజమైన కోత పండుగ ప్రసంగం అవుతుంది. ఉన్నదానితో తృప్తిపడమని మాత్రమే చెప్పే ప్రసంగం ఆ వాక్యభాగంలో సగమే చెబుతుంది.

నేడు పేటల్లో చాలామంది కౌలు రైతులు. ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకుని సాగు చేస్తారు. బస్తా అంటే 75 కిలోల లెక్క. పంట పోయినా కౌలు ఇవ్వక తప్పని ఒప్పందాలే ఎక్కువ. పంట సాగుదారుల హక్కుల పేరుతో 2019లో రాష్ట్రం చట్టం చేసింది. అయినా పత్రం మీద సంతకం పెట్టడానికి భూయజమానులు వెనకాడటంతో బ్యాంకు రుణం, పంట నష్ట పరిహారం కౌలుదారుకు అందడం కష్టంగానే ఉంది. కౌలు తీర్చాక మిగిలిన దాంట్లో దశమ భాగమా, మొత్తం దిగుబడిలోనా అనే ప్రశ్న ఇక్కడ వేదాంత చర్చ కాదు, ఇంటి లెక్క.

తుపాను ఏడాది ప్రసంగం (చూ. ఉప్పెన)

1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నం మీద పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారని అంచనా. నోబుల్ అప్పుడు పట్టణంలోనే ఉన్నాడు. మిషన్ బాలికల వసతి పాఠశాలలో పిల్లలు కొట్టుకుపోయారు. 1977 నవంబరు 19, శనివారం నాడు దివిసీమను ఉప్పెన ముంచింది. నాగాయలంక, కోడూరు ప్రాంతాల తీరగ్రామాల్లో అలలు ఇళ్ల కప్పులు దాటాయి. అధికారిక లెక్క ప్రకారమే మృతులు సుమారు 10,000. కంకి బరువెక్కి కోతకు సిద్ధమవుతున్న చేలు ఉప్పునీటి కింద ఉండిపోయాయి. మరునాడు సంఘాలు ఆరాధనకు కూడవలసిన ఆదివారం. సహాయానికి వచ్చిన అనేక సంస్థలతో పాటు క్రైస్తవ సంఘాల సహాయ సంస్థ కాసా కూడా తీరంలో పనిచేసింది. తరువాత తుపాను రక్షణ భవనాల నిర్మాణంలో పాల్గొంది.

2013 నవంబరు 22న హెలెన్ తుపాను మచిలీపట్నం సమీపంలో తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిగ్‌జామ్ బాపట్ల దగ్గర దాటింది. రెండూ కోతల వేళే. పనల మీద ఉన్న వరి తడిసి మొలకెత్తింది, ధాన్యం రంగు మారింది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదన్న నిబంధన దగ్గర బస్తాలు ఆగిపోయాయి.

ఇటువంటి ఏడాది కోత పండుగ ఆపాలా? బోధకులకు హబక్కూకు గ్రంథం చివరి భాగం ఆధారం. చెట్లు పూయకపోయినా, చేలు పండకపోయినా, దొడ్డిలో పశువులు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానని ప్రవక్త అంటాడు. యోవేలు గ్రంథం మిడతలు తినేసిన సంవత్సరాలకు బదులు ఇస్తానన్న వాగ్దానాన్ని గుర్తుచేస్తుంది. కానీ అదే యోవేలు మొదట ఏడవమంటాడు, ఉపవాసం ప్రకటించమంటాడు. విలాపానికి చోటివ్వకుండా నేరుగా స్తోత్రానికి వెళ్లే ప్రసంగం దివిసీమలో నిలవదు. తుపాను పాపానికి శిక్ష అని చెప్పే ధోరణి కూడా కొన్ని వేదికల మీద వినిపిస్తుంది. యోబు స్నేహితులు చేసిన పొరపాటు అదే. సిలోయము గోపురం కూలి చనిపోయినవారు ఇతరుల కంటే పాపులు కారని యేసు చెప్పిన మాట (లూకా 13) దీనికి సూటి జవాబు.

కాలువ నీరు (చూ. కృష్ణా ఆనకట్ట)

ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయం ఐగుప్తు పొలాన్నీ వాగ్దాన దేశాన్నీ పోలుస్తుంది. మొదటిది మనిషి కాలితో నీరు పారించేది, రెండోది ఆకాశపు వాన తాగేది. దిగువ డెల్టా మొదటి రకం నేల. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయ్యాక బందరు కాలువ, ఏలూరు కాలువ వంటివి ఈ భూమిని వరి మాగాణిగా మార్చాయి. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దివిసీమకు నీరు పులిగడ్డ అక్విడక్టు మీదుగా చేరుతుంది. ఎగువ నుంచి కృష్ణ నీరు రాని ఏళ్లలో, 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు తోడుగా వస్తోంది.

నీరు ఇంజనీరు పనితనం, ప్రభుత్వ నిర్ణయం, లాకు దగ్గర కాపలా మీద ఆధారపడినప్పుడు వానకు చెప్పే కృతజ్ఞత ఎలా నిలుస్తుంది? నాటినవాడొకడు, నీళ్లు పోసినవాడొకడు, వృద్ధి కలిగించింది దేవుడు అని పౌలు కొరింథు సంఘానికి చెప్పిన ఉపమానం (1 కొరింథీ 3) డెల్టాలో అక్షరాలా వర్తిస్తుంది. మనుషుల పనిని తక్కువ చేయకుండానే కృతజ్ఞత చెప్పవచ్చునని అది చూపిస్తుంది. కాలువ చివరి భూములకు నీరందని ఊళ్లలో పైవాళ్లు నీరు వదలడం కూడా కృతజ్ఞతలో భాగమేనని బోధకుడు చెప్పే అవకాశం ఉంది. నాగాయలంక, కోడూరు వైపు పొలాలు అలాంటి చివరి భూములే.

ఇతర ధోరణులు

పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల్లో కోత పండుగ కంటే కృతజ్ఞత కూడికలు ఎక్కువ. వాటిలో మలాకీ 3వ అధ్యాయం ఆధారంగా, ఇచ్చినవారికి ఆకాశపు వాకిళ్లు తెరుచుకుంటాయన్న వాగ్దానానికి ప్రాధాన్యం ఉంటుంది. దీనిని విశ్వాసానికి పురికొల్పే బోధగా ఆదరించేవారున్నారు. కృతజ్ఞతను పెట్టుబడిగా మారుస్తోందని అభ్యంతరం చెప్పేవారూ ఉన్నారు. అర్పణ ఇచ్చిన ఏడాదే పంట పోయిన రైతు ఎదురుగా కూర్చున్నప్పుడు ఈ అభ్యంతరానికి బలం వస్తుంది.

ఇటీవలి మార్పులు

వరికోత యంత్రం వచ్చాక కుప్పలు తగ్గాయి. ధాన్యం చేలోంచి నేరుగా లారీకి, అక్కడినుంచి గుడివాడ వైపు మిల్లులకు పోతోంది. పరిగె ఏరడం దాదాపు ఆగిపోయింది. గింజల కూలి పోయి రోజు కూలి వచ్చింది. గుడివాడ చుట్టూ నందివాడ వంటి చోట్ల చేపల చెరువులు, నాగాయలంక తీరంలో రొయ్యల చెరువులు వరి పొలాలను ఆక్రమించాయి. చెరువుల సాగుదారులు, గల్ఫ్‌లో పనిచేసేవారి కుటుంబాలు అర్పణను డబ్బు రూపంలో తెస్తారు. పట్టణ సంఘాల్లో ఉద్యోగుల జీతమే పంట. మందిరం అలంకరణకు వరి పనలు కావాలంటే యంత్రం చేలోకి దిగకముందే రైతును అడిగి, ఒక మూల కొడవలితో కోయించుకుంటున్నారు.